కుక్కకు బొమిక పెట్టే ముందు చూడాల్సిన మూడు: గోరు, మూతి, గడియారం

కనుమ మధ్యాహ్నం విస్తళ్ళు ఎత్తే వేళకు గుమ్మం దగ్గర తోకాడిస్తూ కూర్చున్న కుక్కను చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. "నోరు లేని జీవం, ఒక్క బొమికైనా ఎయ్యండర్రా" అని ఇంట్లో పెద్దావిడ అనక మానదు. విజయనగరం సిరిమాను పండగకైతే చెప్పనే అక్కర్లేదు. విజయదశమి వెళ్ళాక వచ్చే ఆ మంగళవారానికి ఇంటినిండా చుట్టాలు, వాళ్ళందరూ కుక్కకు తలో ముక్క విసిరేవాళ్ళే. ఆ ప్రేమే దాని గొంతుకు అడ్డం పడుతుంది. ఏ బొమిక పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు, కొట్లో అమ్మే నమిలే సరుకులో ఏది కొనొచ్చు అని తేల్చుకోవడానికి మీ బొటనవేలి గోరు, కుక్క మూతి కొలత, గోడ మీది గడియారం చాలు.

ముందు విస్తట్లో బొమికల సంగతి తేల్చేయండి

ఉడికినదీ, వేయించినదీ, కాల్చినదీ ఏ బొమికా పెట్టొద్దు. కోడిదైనా, మేకదైనా, చేపదైనా అంతే. కారణం తెలియాలంటే ఒకసారి చేతులతో చేసి చూడండి. కూరలోంచి తీసిన కోడి కాలి బొమికను కడిగి రెండు చేతులతో విరవండి. టప్పున విరుగుతుంది, విరిగిన చోట వెదురు చీలినట్టు ఏటవాలుగా మొన తేలుతుంది. లోపల బోలుగా ఉంటుంది కాబట్టి ఆ మొన ఇంజక్షన్ సూది అంచులా పలచన. ఇప్పుడు చికెన్ కొట్టు నుంచి తెచ్చిన పచ్చి కాలి బొమికను విరవబోండి. ముందు వంగుతుంది, తర్వాత నలుగుతుంది. బొమికకు ఆ సాగే గుణం ఇచ్చేది అందులోని కొలాజెన్, నీరు. వేడికి నీరు ఇంకిపోతుంది, కొలాజెన్ పులుసులోకి దిగిపోతుంది. కాళ్ళ పులుసు చల్లారితే జెల్లీలా గడ్డకట్టేది ఆ కొలాజెన్ వల్లే. మిగిలిన బొమికలో సున్నం లాంటి గట్టి భాగమే ఎక్కువ, అది పెళుసుగా ముక్కలవుతుంది.

"కుక్కర్లో ఎనిమిది విజిల్స్ వచ్చాయి, మెత్తగానే ఉందిగా" అంటారు. చివర్లు మెత్తబడతాయి, నడిమి గొట్టం అలాగే ఉంటుంది. పైగా కూర బొమికతో ఉల్లి, వెల్లుల్లి కూడా వెళ్తాయి. అవి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. పచ్చివైనా, వేయించినవైనా, పొడి చేసినవైనా తేడా లేదు. ప్రభావం అప్పటికప్పుడు కనిపించదు. మూడు నాలుగు రోజులకు చిగుళ్ళు పాలిపోయి, మూత్రం ముదురు రంగులోకి మారి, కుక్క నీరసంగా పడుకుంటుంది. అప్పటికి పండగ కూర ఎవరికీ గుర్తుండదు.

బొమిక రుచి దానికి అందించాలనే ఉంటే ఇలా చేయండి. బొమికల్ని ఉప్పు, ఉల్లి, మసాలా ఏమీ వేయకుండా నీళ్ళలో ఒకటి రెండు గంటలు మరిగించండి. టీ వడకట్టే జల్లెడలోంచి వడకట్టి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, పైన పేరుకున్న కొవ్వు తీసి పారేయండి. ఆ రసం అన్నంలో కలపండి. పది కిలోల కుక్కకు అర గ్లాసు చాలు. బొమికలు మాత్రం చెత్తలోకి వెళ్ళాలి, అదీ మూత బిగిసే డబ్బాలోకి. విస్తళ్ళతో కలిపి పెరట్లో కుప్ప పోస్తే రాత్రికి మీ కుక్కే వెళ్ళి తవ్వుకుంటుంది, వీధి కుక్కలూ వస్తాయి.

మీ కుక్క ఎలా తింటుందో గమనించండి

ఒకే వస్తువు ఒక కుక్కకు కాలక్షేపం, ఇంకో కుక్కకు గండం. కొన్ని నాకుతూ, అంచులు గీరుతూ గంటసేపు కూర్చుంటాయి. కొన్ని ఒక మూల పట్టి కొరికి ముక్కలు చేస్తాయి. ఇంకొన్ని, ముఖ్యంగా చాలా ల్యాబ్రడార్లు, నోటికి అందినంత అలాగే మింగేస్తాయి. పక్కన ఇంకో కుక్క ఉంటే నెమ్మదస్తురాలు కూడా మింగే రకంగా మారుతుంది, లాక్కుంటుందేమోనన్న భయంతో. కాబట్టి రెండు కుక్కలున్న ఇంట్లో దేని చోటు దానిదే, మధ్యలో తలుపు వేసి మరీ పెట్టాలి. మింగే అలవాటున్న దానికి ఏ బొమికా వద్దు, కింద చెప్పే రబ్బరు బొమ్మ ఒక్కటే.

వయసు కూడా చూడండి. కుక్కపిల్లకు పాలపళ్ళు 28. నాలుగో నెల నుంచి అవి ఊడుతూ, ఏడో నెలకల్లా 42 శాశ్వత దంతాలు వచ్చేస్తాయి. ఆ మూడు నెలలూ చెప్పులు, కుర్చీ కాళ్ళు, తడి బట్టలు ఏవీ మిగలవు, చిగుళ్ళు దురద పెడతాయి కాబట్టి. అప్పుడు గట్టి వస్తువులు ఇవ్వకూడదు. చల్లనివి ఇవ్వాలి. లావుపాటి క్యారెట్‌ను ఫ్రీజర్‌లో రెండు గంటలు పెట్టి ఇస్తే సరిపోతుంది, మీరు ఎదురుగా ఉండి, వేలంత ముక్క మిగిలేసరికి తీసేయాలి. ముసలి కుక్కకైతే ముందు పెదవి ఎత్తి చూడండి. కదిలే పన్ను, వాచిన చిగురు, కుళ్ళు వాసన ఉంటే నమిలే వస్తువు కాదు, వైద్యుడు కావాలి.

గోరు, మూతి, గడియారం

గోరు: వస్తువు మీద బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి. చిన్న నొక్కు పడాలి. పడకపోతే పన్ను విరగ్గొట్టే గట్టిదనం ఉన్నట్టు. ఇంకా అనుమానంగా ఉంటే ఒక్కటే ప్రశ్న: దాంతో మీ మోకాలి చిప్ప మీద కొట్టించుకుంటారా? జంకితే కుక్కకూ వద్దు. గట్టి బొమికతో ఎక్కువగా దెబ్బతినేది పై దవడలో పక్కన అన్నిటికంటే పెద్దగా కనిపించే పన్ను. దాని బయటి వైపు నుంచి పెచ్చు లేచినట్టు ఊడిపోతుంది. లోపలి నరం బయటపడుతుంది, చీము పడుతుంది. కొన్ని వారాలకు కంటి కింద వాపు వచ్చినప్పుడు గానీ చాలామందికి తెలియదు, దాన్ని కంటి జబ్బు అనుకుని చుక్కలు వేస్తూ ఉంటారు. ఈ పరీక్షలో గేదె తొడ బొమిక, గిట్ట, కొమ్ము అన్నీ తప్పుతాయి. జింక కొమ్ము గురించి వేరే చెప్పాలి. మన దేశపు జింకల కొమ్ముల వ్యాపారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

మూతి: వస్తువు కుక్క మూతి వెడల్పు కంటే పెద్దదిగా ఉండాలి. మొత్తం నోట్లోకి పట్టేదేదైనా గొంతులోకి పోగలదు. పొమేరియన్‌కు సరిపడ్డదాన్ని అదే ఇంట్లో జర్మన్ షెపర్డ్ ఎత్తుకుపోకుండా చూసుకోండి. గుండ్రంగా ఉంగరంలా కోసిన నల్లి ముక్క ఎంత పెద్దదైనా వద్దు. మూలుగ కోసం నాకుతూ నాకుతూ కింది దవడ దానిలో దూర్చేస్తుంది, కోరపళ్ళ వెనక్కి జారి ఇరుక్కుంటుంది. కొంచెం కొబ్బరినూనె రాసి నెమ్మదిగా తిప్పితే ఒక్కోసారి వస్తుంది. రాకపోతే లాగొద్దు, మత్తు ఇచ్చి కోసి తీయాల్సిందే. ఇంట్లో రంపంతో ప్రయత్నించి నాలుక కోయకండి.

గడియారం: పది, పదిహేను నిమిషాలు. ఆ తర్వాత వెనక్కి తీసుకోవాలి. మూతి వెడల్పు కంటే చిన్నదైతే అంతకుముందే. అసలు ప్రమాదమంతా చివరి ముక్కలోనే ఉంది, "అయిపోవచ్చింది కదా" అని మనం టీవీ వైపు తిరిగిన ఆ రెండు నిమిషాల్లో మింగేస్తుంది.

వెనక్కి తీసుకోవడం కూడా నేర్పాలి, లాక్కోవడం కాదు. ఉడికించిన కోడి మాంసం ముక్క ముక్కు దగ్గర పెట్టి "వదులు" అనండి. నోరు తెరిచి వదిలాక ముక్క ఇవ్వండి, మొదట్లో కొన్నిసార్లు వస్తువు కూడా తిరిగి ఇచ్చేయండి. ఇచ్చేస్తే తిరిగొస్తుందన్న నమ్మకం దానికి కుదరాలి. నములుతున్నప్పుడు గుర్రుమనే కుక్క దగ్గరికి పిల్లల్ని అస్సలు పంపొద్దు. పొరపాటున పన్ను గాటు పడితే, మీ కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే, గాయాన్ని సబ్బుతో పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి.

కొట్లో కొనేటప్పుడు

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో పెంపుడు జంతువుల కొట్టుకు వెళ్తే ముందుగా చూపించేది రెండు చివర్లా ముడివేసిన తెల్లటి "బొమిక". అది బొమిక కాదు, పచ్చి తోలు. పశువు చర్మపు లోపలి పొరను సున్నంలో ఊరబెట్టి, తెల్లబరిచి, చుట్టి ఎండబెట్టినది. దాని గుణం తెలియాలంటే అర అంగుళం ముక్క కత్తిరించి గ్లాసు నీళ్ళలో రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి జిగురుగా, లావుగా ఉబ్బి, చేత్తో లాగినా తెగని రబ్బరులా తయారవుతుంది. కుక్క పొట్టలోనూ ఇలాగే ఉబ్బి పేగుకు అడ్డం పడుతుంది. పైగా ఎక్స్‌రేలో బొమిక కనిపించినంత స్పష్టంగా తోలు కనిపించదు. మా మాటైతే పచ్చి తోలు అసలు వద్దు. బులీ స్టిక్ పేరుతో అమ్మేది ఎద్దు జననాంగాన్ని ఎండబెట్టినది. తోలు కంటే అది బాగా అరుగుతుంది, కానీ కొవ్వూ కేలరీలూ ఎక్కువ, చివరి ముక్క భయం దానికీ ఉంది. హిమాలయ ప్రాంతంలో యాక్ (జడలబర్రె) పాలతో చేసే ఎండు జున్ను, అంటే చుర్పీ కడ్డీలు చాలా గట్టివి, చాలావరకు గోరు పరీక్షలోనే పోతాయి. మిగిలిన చిన్న ముక్కను మైక్రోవేవ్‌లో కొన్ని సెకన్లు పెడితే మరమరాల్లా ఉబ్బుతుంది, చల్లారాక ఆ ముక్క మాత్రం పెట్టొచ్చు.

పళ్ళ కోసం కొనే కడ్డీల ప్యాకెట్ మీద వీఓహెచ్‌సీ (జంతువుల దంత ఆరోగ్య మండలి) ముద్ర ఉందేమో వెతకండి. గార తగ్గిస్తుందని పరీక్షల్లో తేలిన వాటికే ఆ ముద్ర ఇస్తారు. ఎవరు తయారు చేశారో, ఏ నెలలో చేశారో రాయని విడి సరుకు ఎంత చవకైనా పక్కన పెట్టేయండి. కుక్క ఎన్ని కిలోలు ఉండాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, ఆ లెక్క తప్పించి పెద్ద కుక్కకు చిన్న కడ్డీ కొనకండి. నమిలే సరుకంతా కలిపి రోజు తిండి కేలరీల్లో పదో వంతు దాటకూడదు. పది కిలోల కుక్క రోజుకు సుమారు 600 కేలరీలు తింటుందనుకుంటే 60 కేలరీలన్నమాట. చక్కెర లేదని రాసిన పదార్థాల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే ముట్టకండి, కొద్దిపాటి మోతాదుకే కుక్క రక్తంలో చక్కెర పడిపోతుంది. టెన్నిస్ బంతి పైనున్న నూగు గరుకు కాగితంలా పళ్ళను అరగదీస్తుంది. దాన్ని విసిరి ఆడుకోవడానికే ఉంచండి.

అన్నిటికన్నా మేము ముందు చెప్పేది గట్టి రబ్బరుతో చేసిన బోలు బొమ్మ. కొనేటప్పుడు రెండు వైపులా రంధ్రం ఉందో లేదో చూడండి. ఒకే రంధ్రం ఉంటే నాకినప్పుడు లోపల గాలి పోయి నాలుకను లోపలికి పీల్చి పట్టేస్తుంది, వాపు వచ్చి తీయడం చాలా కష్టమవుతుంది. అందులో ఉప్పు లేని పెరుగన్నం, ఉడికించిన గుమ్మడి, చిదిమిన గుడ్డు కూరి, నాలుగు గంటలు ఫ్రీజర్‌లో ఉంచి ఇవ్వండి. చైత్ర వైశాఖాల ఎండలో ఇంతకంటే మంచి కాలక్షేపం దానికి లేదు. తిన్నాక ఆ రోజే సీసా బ్రష్‌తో లోపల తోమండి, లేకపోతే మరునాటికి పులిసి చీమలు పడతాయి. బొమ్మ మీద చీలిక కనిపించిన రోజున అది చెత్తబుట్టకే.

పచ్చి బొమికే పెడతామంటే

బొమిక లేకపోతే కుక్కకు ఏ లోటూ రాదు. సున్నం కోసమని బొమిక పెట్టేవాళ్ళుంటారు. అన్నం, సాంబారు మీదే బతికే కుక్కకు నిజంగానే కాల్షియం తక్కువ పడుతుంది, కానీ దానికి మందు కొలత వైద్యుడు చెప్పాలి, బొమికతో తేలేది కాదు. అయినా పెట్టదలిస్తే ఇంట్లో చంటిపిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్ళు లేకుండా ఉంటేనే ఆలోచించండి. పచ్చి మాంసంతో సాల్మొనెల్లా, ఈకోలై లాంటి జబ్బు క్రిములు ఇంట్లోకి వస్తాయి. చల్లబెట్టినా చావవు, నిద్రపోతాయంతే. పచ్చి కోడి విషయంలో ఇంకో జాగ్రత్త: మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో, కాళ్ళు చచ్చుబడే ఒక నరాల జబ్బుకూ పచ్చి కోడి మాంసం తినడానికీ సంబంధం ఉందని గుర్తించారు. అందుకే పచ్చి కోడి మెడలు, కాళ్ళు మేము సూచించం.

పెద్ద కుక్కకైతే మేక మెడ భాగం, మాంసం అంటుకుని ఉన్నది. ఇక్కడ ఒక చిక్కుంది. మన మటన్ కొట్లో మొద్దు మీద పెట్టి కత్తితో కొడతారు, ఆ దెబ్బకు ప్రతి ముక్కకూ సూదుల్లాంటి పెచ్చులు లేస్తాయి. అందుకే ఆదివారం ఉదయమే వెళ్ళి, "అన్నయ్యా, మెడ ముక్క కొట్టకుండా నిండుగా ఇవ్వు, నల్లి వొద్దు" అని ముందే చెప్పండి. కొట్టాక చెప్తే లాభం లేదు. ఇంటికి తెచ్చాక వేళ్ళతో తడిమి, మొనలు తగిలితే ఆ భాగం తీసేయండి. కాలేయం, ఊపిరితిత్తుల్లో నీటి బుడగలు కనిపిస్తే వాటిని కుక్కకు పచ్చిగా వేయొద్దు. అవి బద్దెపురుగు తిత్తులు. కుక్క కడుపులో పురుగులై, దాని మలం ద్వారా మనుషులకు చేరి, కాలేయంలోనే తిత్తులు కడతాయి. పచ్చి మాంసం తినే కుక్కకు వైద్యుడు చెప్పిన గడువు ప్రకారం ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మాత్ర వేయించాలి.

వారానికి ఒకసారి, కడుపు నిండిన తర్వాత పెట్టండి, ఆకలి మీదైతే మింగేస్తుంది. సిమెంటు గచ్చు మీదే పెట్టండి. తర్వాత గచ్చునూ మీ చేతుల్నీ సబ్బుతో కడగండి. మిగిలినదాన్ని మన ఉక్కలో అరగంట కూడా బయట ఉంచకూడదు. మర్నాడు మలం తెల్లగా, సుద్దముక్కలా పొడిపొడిగా వచ్చి, కుక్క ముక్కుతుంటే బొమిక ఎక్కువైనట్టు, ఇక కొన్ని వారాలు ఆపేయండి. నల్లిలోని మూలుగలో ఎక్కువ భాగం కొవ్వే. కొవ్వు పడని కుక్కకు క్లోమం వాచి వాంతులు మొదలవుతాయి.

ఇంట్లో చేసుకోదగ్గది

చిలగడదుంపను తొక్కతోనే కడిగి, నిలువుగా ఒక సెంటీమీటరు మందం పలకలుగా కోయండి. 120 డిగ్రీల ఓవెన్‌లో మూడు గంటలు, మధ్యలో ఒకసారి తిప్పుతూ ఉంచితే తోలులా సాగే పలకలవుతాయి. అంతకంటే పలచగా కోస్తే చిప్స్‌లా విరిగి గీసుకుంటాయి. ఓవెన్ లేకపోతే వడియాల్లా ఎండలో పెట్టొచ్చు, కానీ ఏప్రిల్, మే నెలల్లో, పైన పలచని గుడ్డ కప్పి, రాత్రి లోపలికి తెచ్చి మూడు నాలుగు రోజులు. సముద్రం దగ్గరి ఊళ్ళలో వానాకాలం ప్రయత్నించకండి, లోపల తడి ఉండిపోయి బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో వారం నిలవ. ఎండు నెత్తళ్ళు ఇవ్వదలిస్తే రెండు సార్లు అరగంట చొప్పున నీళ్ళు మార్చి నానబెట్టి ఉప్పు పోగొట్టండి. అవి నమలడానికి కాదు, రుచికే.

పెరట్లో, వీధిలో అది తనే వెతుక్కునేవి

ఉద్దానం వైపు ఇళ్ళల్లో కొబ్బరి డొక్కలే కుక్క బొమ్మలు. లేత కొబ్బరి ముక్క కొంచెం తింటే ఏం కాదు, పీచు మింగితే పొట్టలో ఉండ కడుతుంది. పలాస, మందస ప్రాంతంలో జీడి పిక్కలు ఎండబోసిన చోటికి వదలొద్దు. పెంకులోని జీడి నూనె నోటిని, నాలుకను బొబ్బలెక్కిస్తుంది. మామిడి టెంక నున్నగా జారి గొంతు దాటుతుంది, చిన్న పేగు దగ్గర ఆగిపోతుంది. వేసవిలో పేగుకు అడ్డం పడే వాటిలో టెంకను ముందు అనుమానించండి. తాటి టెంకకూ ఇదే. గోనెసంచి పోగులు, జనపనార తాళ్ళు మరీ ప్రమాదం. పోగు ఒక కొస పైన చిక్కుకుని మిగతాది కిందికి లాగితే పేగు గౌను బొందు లాగినట్టు ముడుచుకుపోతుంది, కోసుకుపోతుంది. మలద్వారం దగ్గర దారం వేలాడుతుంటే లాగకండి.

అడ్డం పడితే

కుక్క నోటిని పాదాలతో గీరుకుంటుంటే ముందు పై దవడ అడ్డంగా చూడండి. ముక్క పళ్ళ మధ్య ఇరుక్కుని ఉండొచ్చు, చెంచా కాడతో తోస్తే వస్తుంది. ఊపిరాడక నాలుక నీలమవుతుంటే నోరు తెరిచి, కంటికి కనిపిస్తేనే తీయండి. కనిపించనిదాన్ని వేలితో వెతికితే ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్కను వెనక కాళ్ళు పట్టి తల కిందికి వేలాడదీయండి. పెద్దదానికి వెనక నిలబడి, పక్కటెముకల కింద మెత్తటి చోట పిడికిలి పెట్టి పైకీ ముందుకీ నాలుగైదు సార్లు నొక్కండి, నోట్లో మళ్ళీ చూడండి.

ఊపిరి ఆడుతోంది గానీ చొంగ కారుస్తూ, మెడ సాచి మింగుతూ, తాగిన నీళ్ళు వెంటనే కక్కుతుంటే బొమిక అన్నవాహికలో ఉంది. ఇక్కడే ఇంటింటా ఒక తప్పు జరుగుతుంది. మనకు చేపముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగినట్టు దానికీ అరటిపండో అన్నం ముద్దో కుక్కుతారు. వద్దు. ఆముదం పోయొద్దు, ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు. మొన ఉన్న ముక్క వెనక్కి వచ్చేటప్పుడు వాహికను చీల్చగలదు. గంటల్లోనే వైద్యుడి దగ్గర ఉండాలి.

ముక్క పొట్టలోకి దిగిపోయి కుక్క మామూలుగా ఉంటే వైద్యుడికి ఫోన్ చేసి చెప్పి, మూడు రోజులు మలం గమనించండి. ఈలోగా వాంతులు, తిండి మానడం, మలం రాకపోవడం, నల్లటి లేక నెత్తుటి మలం, ముందు కాళ్ళు చాపి నడుము పైకెత్తి మొక్కుతున్నట్టు నిలబడటం, వీటిలో ఏది కనిపించినా ఆగకండి. పశువుల ఉచిత సహాయానికి 1962 నంబరు ఉంది. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఎక్కడికి వెళ్ళినా ముందే ఫోన్ చేసి ఎక్స్‌రే, మత్తు ఇచ్చే వీలు ఈ పూట ఉందా అని అడగండి, లేకపోతే నేరుగా విశాఖ దారి పట్టడం మేలు. వెళ్ళేటప్పుడు మిగిలిన ముక్కనో, ప్యాకెట్‌నో వెంట తీసుకెళ్ళండి. ఏం మింగిందో, ఎన్ని గంటలకు మింగిందో ఒక కాగితం మీద రాసుకోండి.